రెక్కలున్న లోకంలో కుర్చీలెందుకు?

సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచం గుర్తుందా? లిండెన్ ల్యాబ్ అనే అమెరికన్ కంపెనీ 2003లో దాన్ని తెరిచింది. అందులో మన బదులు ఒక బొమ్మ తిరుగుతుంది. నడుస్తుంది, మాట్లాడుతుంది, కావాలంటే గాల్లోకి ఎగురుతుంది. స్థలం కొనుక్కుని దాని మీద ఏదైనా కట్టుకోవచ్చు. 2006, 2007 నాటికి విశ్వవిద్యాలయాలు అందులోకి క్యూ కట్టాయి. హార్వర్డ్ వాళ్లు 2006లో 'సైబర్‌వన్' అనే కోర్సులో కొంత భాగాన్ని అక్కడే నడిపారు. మిగతా సంస్థలూ తలా ఒక ద్వీపం తీసుకున్నాయి.

ఆ ద్వీపాల్లో చాలాచోట్ల కట్టిందేమిటంటే, ఆడిటోరియం. వరసలుగా కుర్చీలు, ఎదురుగా తెర, తెర మీద స్లైడ్లు. విద్యార్థి అవతార్ ఎగురుకుంటూ వచ్చి కుర్చీ మీద కూలబడేది. స్లైడ్ మీది అక్షరాలు సరిగ్గా కనబడక ఆ విద్యార్థి కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ తంటాలు పడేవాడు.

కుర్చీ కావాల్సింది కాళ్లు నొప్పి పుట్టే మనిషికి. పైకప్పు కావాల్సింది వానకు తడిసే మనిషికి. అవతార్‌కి ఆ రెండు బాధలూ లేవు. అన్నట్టు ఈ 'అవతార్' మన మాటే. 1986లో లూకాస్‌ఫిల్మ్ కోసం 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ ఆట తయారుచేసినవాళ్లు తెర మీది బొమ్మకు ఆ పేరు పెట్టారు. మన పురాణాల్లో ఎవరైనా అవతారం ఎత్తారంటే ఏదో ఒక పని మీదే ఎత్తారు. ఊరికే వచ్చి కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ఎత్తలేదు.

ఆ కుర్చీ అనే తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఆన్‌లైన్ చదువు గురించి మనం చేసే వాదనల్లో సగానికి సగం విద్యార్థి ఎక్కడున్నాడన్న దాని చుట్టూ తిరుగుతాయి. క్లాసులోనా, ఇంట్లోనా, కళ్లను కప్పే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ లోపలా? అక్కడున్నంతసేపూ తన బుర్ర ఏం పని చేస్తోంది, చెయ్యి ఏం పని చేస్తోంది అని అడిగేవాళ్లు తక్కువ. ఈ వ్యాసమంతా ఆ రెండో ప్రశ్న పట్టుకునే నడుస్తుంది.

లారీ వాదన

1913లో ఎడిసన్ ఒక జోస్యం చెప్పాడు. బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని, సినిమాలే పాఠాలు చెబుతాయని. ఆ తర్వాత రేడియో వచ్చినప్పుడు, టీవీ వచ్చినప్పుడు, కంప్యూటర్ వచ్చినప్పుడు కూడా అదే జోస్యాన్ని పేర్లు మార్చి చెప్పుకున్నాం.

1983లో రిచర్డ్ క్లార్క్ అనే పరిశోధకుడు ఈ ధోరణికి అడ్డు తగిలాడు. పాఠం మోసుకొచ్చే మాధ్యమం సరుకుల లారీ లాంటిదని అతని వాదన. లారీ మార్చినంత మాత్రాన తినేవాళ్లకు పుష్టి రాదు. ఒక టూల్‌తో ఫలితాలు బాగా వచ్చాయంటే, ఆ టూల్ కోసం ఎవరో కూర్చుని పాఠాన్ని కొత్తగా, శ్రద్ధగా రాసుకుని ఉంటారు. ఆ ఘనత పాఠానిదే. దీనికి రాబర్ట్ కోజ్మా అనే మరో పరిశోధకుడు బదులిచ్చాడు. కొన్ని పద్ధతులు కొన్ని మాధ్యమాల్లోనే కుదురుతాయి, రెంటినీ విడదీసి చూడలేం అన్నాడు. విద్యా పరిశోధనలో ఈ తగవు ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

నా మటుకు నాకు క్లార్క్ మాట చాలావరకు నిజమే అనిపిస్తుంది. పీడీఎఫ్‌ను యాప్‌లో పెట్టినా, వెబ్‌సైట్‌లో పెట్టినా, త్రీడీ గోడకు అంటించినా పీడీఎఫ్ పీడీఎఫే. కాకపోతే మామూలు లారీలో రాని సరుకులు కొన్నున్నాయి. దానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ కంప్యూటర్ల కాలానికి ముందుది.

1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ ఒక పొట్టి రెక్కల చెక్క విమానం తయారుచేశాడు. వాళ్ల నాన్నది ఆర్గాన్ వాయిద్యాలు చేసే ఫ్యాక్టరీ. అందులో వాడే తోలు తిత్తులు, గాలి పంపులు తెచ్చి ఈ విమానం కింద అమర్చాడు. నేల మీద నుంచి కదలకుండానే అది నిజం విమానంలా ఒరుగుతుంది, తిరుగుతుంది, ముక్కు పైకెత్తుతుంది. మొదట్లో దాన్ని కొన్నది వినోద పార్కుల వాళ్లు. 1934లో విమానాల్లో టపా మోసే బాధ్యత అమెరికా సైన్యం మీద పడింది. రాత్రి పూట, మంచులో, మబ్బుల్లో బయట ఏమీ కనబడనప్పుడు డయళ్లను చూసి నడపడం ఆ పైలట్లలో చాలామందికి అలవాటు లేదు. కొద్ది వారాల్లోనే వరసగా ప్రాణాలు పోయాయి. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలు ఆరు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి వాటి మీద నేర్చుకున్నవాళ్లు 5 లక్షల పైచిలుకు.

ఈ యంత్రంలో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, అందులో బొమ్మ అంటూ ఏదీ లేదు. పైలట్ లోపల కూర్చోగానే పైన మూత వేసేస్తారు. ఆకాశం లేదు, నేల లేదు, ఉన్నవల్లా డయళ్లు. ఎందుకంటే నేర్పాల్సింది కూడా అదే, కళ్లు పనికిరానప్పుడు డయళ్లను నమ్మడం. ఇప్పటి లెక్కలో గ్రాఫిక్స్ సున్నా. అయినా నేర్పడంలో దానికి సాటి వచ్చేవి ఇప్పటికీ తక్కువే.

రెండోది నాకు మరీ ఇష్టం. పక్కనే శిక్షకుడి బల్ల ఉండేది. దాని మీద మ్యాపు, మ్యాపు మీద చక్రాలతో పాకే చిన్న పరికరం. దాన్ని 'పీత' అని పిలిచేవాళ్లు. పైలట్ లోపల విమానాన్ని ఎటు తిప్పితే ఈ పీత అటు పాకుతూ సిరాతో గీత గీసేది. గంట తర్వాత మూత తీస్తారు. పైలట్ చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తాడు. ఇద్దరూ ఆ గీత ముందు నిలబడతారు. ఇదిగో, ఇక్కడ ఎడమకు తిరగాల్సింది. నువ్వు కుడికి పోయావు. నిజంగా గాల్లో ఉండుంటే ఈపాటికి కొండకు గుద్దుకునేవాడివి.

తప్పు చేసినా ప్రాణం పోని చోటు, చేసిన తప్పు కళ్లముందు గీతలా మిగలడం, ఆ గీత పక్కన మాట్లాడటానికి ఒక మనిషి. వర్చువల్ ప్రపంచం ఏదైనా ఈ మూడింటిలో ఎన్ని ఇస్తోందో చూడాలి. కుర్చీలూ స్లైడ్లూ ఉన్న ఆడిటోరియంలో ఒక్కటీ లేదు.

చుక్కలు కదిలే తీగ

కరెంటు పాఠం దగ్గర చాలామంది పిల్లలు ఒకే గుంటలో పడతారు. ఒక బ్యాటరీకి రెండు బల్బులు వరసగా కలిపి చూపిస్తే, మొదటి బల్బు కరెంటును కొంత 'తినేస్తుంది', మిగిలింది రెండో బల్బుకు పోతుంది అనుకుంటారు. పుస్తకంలో అలా కాదని రాసి ఉంటుంది. చదువుతారు, పరీక్షలో రాస్తారు, మనసులో మాత్రం మొదటి బల్బు తింటూనే ఉంటుంది. నిజం తీగలు, నిజం బల్బులు ఇచ్చినా ఈ నమ్మకం ఒక పట్టాన వదలదు. తీగ లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు కదా. పైగా ఒక బల్బు పాతదై కాస్త డిమ్‌గా వెలిగిందంటే ఆ తప్పు నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

2001లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. బ్రౌజర్లో నడిచే చిన్న చిన్న సైన్స్ సిమ్యులేషన్లు, అన్నీ ఉచితం. వాటిలో సర్క్యూట్లు కట్టుకునేది ఒకటుంది. తెర మీద బ్యాటరీ లాగి పెట్టి, తీగలు కలిపి, బల్బు తగిలిస్తే వెలుగుతుంది. వెలగడంతో పాటు తీగలో చుక్కలు కదులుతుంటాయి. అవి ఎలక్ట్రాన్లు. రెండో బల్బు వరసలో కలపగానే చుక్కలు అన్నిచోట్లా ఒకేలా నెమ్మదిస్తాయి. మొదటి బల్బుకు ముందు ఎంత వేగమో, రెండో బల్బు దాటాక కూడా అంతే. మధ్యలో ఎవరూ ఏమీ తినలేదు. ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, తీగలోనే కనబడుతుంది.

2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విద్యార్థుల్లో కొందరికి నిజం ల్యాబ్ సామాను, కొందరికి ఈ సిమ్యులేషన్ ఇచ్చారు. తర్వాత ఇద్దరికీ నిజం తీగలు, నిజం బల్బులు ఇచ్చి సర్క్యూట్ కట్టి వివరించమన్నారు. అప్పటిదాకా అసలు తీగ ముట్టుకోని సిమ్యులేషన్ బ్యాచ్ రెండో బ్యాచ్ కంటే బాగా చేసింది.

దీన్ని చూసి ల్యాబులు మూసేయొచ్చని అనుకునేవాళ్లుంటారు, తొందరపడొద్దు. ఇక్కడ సిమ్యులేషన్ గెలిచింది నిజంలా ఉన్నందుకు కాదు. నిజంలో కనబడనిదాన్ని చూపించినందుకు, నిజంలో గందరగోళపెట్టే తుప్పునూ వదులు కనెక్షన్లనూ పక్కన పెట్టినందుకు. ఆ తుప్పుతోనే వేగాల్సిన ఎలక్ట్రీషియన్‌కి మాత్రం నిజం తీగే కావాలి. లింక్ మూత వేసి ఆకాశాన్ని తీసేశాడు, ఫెట్ వాళ్లు తుప్పు తీసేసి చుక్కలు పెట్టారు. ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి అని తెలిసినవాళ్లు కట్టిన లోకాలవి.

అక్కడే ఉన్నట్టుంది, అయితే?

హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు మొదట అనే మాట 'అబ్బ, నిజంగా అక్కడే ఉన్నట్టుంది' అని. ఆ అనుభూతి అబద్ధం కాదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, అన్నీ నిజమే. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, ఆ అనుభూతినే నేర్చుకోవడం అనుకోవడంలో.

గీడో మక్రాన్‌స్కీ, రిచర్డ్ మేయర్ తదితరులు చేసిన ఒక ప్రయోగంలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒకే సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ను రెండు రకాలుగా ఇచ్చారు. కొందరికి మామూలు కంప్యూటర్ తెర మీద, కొందరికి హెడ్‌సెట్‌లో. హెడ్‌సెట్ వాళ్లకు 'అక్కడే ఉన్నాం' అనే భావం ఎక్కువ, నేర్చుకున్నది తక్కువ. తల మీద పెట్టిన, మెదడు తరంగాలు కొలిచే ఈఈజీ పరికరాలు కూడా హెడ్‌సెట్‌లో ఉన్నవాళ్ల మెదడు మీద భారం ఎక్కువైందని చూపించాయి.

2018లో జోస్లిన్ పరాంగ్, మేయర్ చేసిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కొందరు హెడ్‌సెట్ పెట్టుకుని రక్తనాళాల్లో ప్రయాణం చేశారు. కొందరు అదే విషయాన్ని స్లైడ్లుగా చూశారు. మోజు, ఉత్సాహం హెడ్‌సెట్ వాళ్లకు ఎక్కువ. తర్వాత పెట్టిన పరీక్షలో మార్కులు స్లైడ్ల వాళ్లకు ఎక్కువ. ఆ తర్వాత రెండో విడత చేశారు. ఈసారి హెడ్‌సెట్ ప్రయాణాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క అయ్యాక ఆపి, ఇప్పుడు చూసిందేమిటో మీ మాటల్లో రాయండి అన్నారు. అలా ఆపి రాసినవాళ్లు ఆపకుండా చూసినవాళ్ల కంటే బాగా నేర్చుకున్నారు. ఉత్సాహం తగ్గలేదు కూడా.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మన మనసు ఒక్కసారికి పట్టుకోగలిగింది చాలా కొద్ది. చుట్టూ ఎర్రకణాలు దొర్లుతుంటే, తల ఎటు తిప్పితే అటు ఏదో ఒకటి మెరుస్తుంటే, ఆ కొద్ది చోటూ చూడటానికే సరిపోతుంది. ఆలోచించడానికి మిగలదు. దీనికి తోడు కడుపులో తిప్పడం ఒకటి. ముందుకు పోతున్నామని కళ్లు చెబుతాయి, ఎక్కడి వాళ్లం అక్కడే ఉన్నామని లోపలి చెవి చెబుతుంది. ఈ రెంటి తగవులో కొందరికి పది నిమిషాలకే వికారం మొదలవుతుంది. వికారంగా ఉన్న మనిషికి కణం లోపలి భాగాలు ఏం గుర్తుంటాయి చెప్పండి.

మరి హెడ్‌సెట్ ఎప్పుడు పెట్టాలి? స్టాన్‌ఫర్డ్‌లో ఏళ్ల తరబడి ఈ రంగంలో పనిచేస్తున్న జెరెమీ బెయిలెన్సన్ ఒక లెక్క చెబుతారు. నిజంగా చేస్తే ప్రమాదమయ్యేవి, అసలు చేయడం అసాధ్యమయ్యేవి, చేస్తే మేలు కంటే కీడు జరిగేవి, మరీ ఖరీదైనవి లేదా అరుదైనవి. వీటికే వాడమని. మంటల్లోకి వెళ్లే అగ్నిమాపక సిబ్బందికి, శస్త్రచికిత్స నేర్చుకునే డాక్టర్లకు అది అక్కరకొస్తుంది. తెర మీద మామూలుగా కనబడేదాన్ని తల మీదికి ఎక్కించుకోవడం మాత్రం వేడుకే. వేడుక చెయ్యొద్దని కాదు, దాన్ని పాఠం ఖాతాలో రాయొద్దని.

ఊరికి జబ్బు చేసింది

హెడ్‌సెట్ లేకుండా, మామూలు తెర మీదే కట్టిన వర్చువల్ ప్రపంచాల్లో నాకు బాగా నచ్చింది 'రివర్ సిటీ'. హార్వర్డ్‌లో క్రిస్ డీడ్ బృందం మిడిల్ స్కూల్ పిల్లల కోసం చేసింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక ఊరు. జనం జబ్బు పడుతున్నారు. ఎందుకో పిల్లలే కనిపెట్టాలి. చిన్న చిన్న జట్లుగా అందులోకి దిగుతారు. ఊళ్లోవాళ్లతో మాట్లాడతారు, ఆసుపత్రి రికార్డులు చూస్తారు, నీళ్ల శాంపిల్ తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు, దోమల్ని లెక్కపెడతారు.

చిక్కేమిటంటే ఊళ్లో ఉన్నది ఒక్క జబ్బు కాదు. ఒకటి నీళ్ల వల్ల, ఒకటి పురుగుల వల్ల, ఒకటి మనిషి నుంచి మనిషికి అంటేది. లక్షణాలు కలగాపులగంగా ఉంటాయి. వెంటనే నీళ్ల మీద నేరం మోపిన పిల్లలకు కాసేపటికి లెక్క కుదరదు. ఆ కుదరకపోవడంలోనే అసలు చదువుంది. తర్వాత ఒక్క కారణాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఊరికి మళ్లీ వెళ్లి చూస్తారు. చివర్లో ఊరి మేయర్‌కు తాము కనిపెట్టిందేమిటో, ఏం చేస్తే బాగుంటుందో ఉత్తరం రాస్తారు.

ఆ ఉత్తరాన్ని మళ్లీ ఒకసారి చూడండి. లింక్ యంత్రం పక్కన పీత గీసిన గీత లాంటిదే అది. ఒకే డేటా చూసి ఇద్దరు పిల్లలు రెండు రకాల ఉత్తరాలు రాస్తే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడటానికి టీచర్‌కు ఒక ఆధారం దొరుకుతుంది. ఆట ముగిసిన వెంటనే లాగౌట్ చేయించి బెల్లు కొట్టేస్తే మిగిలేది 'భలే ఉంది' అన్న మాట ఒక్కటే. ప్రపంచంలో గడిపిన టైమెంతో, బయటికొచ్చి మాట్లాడుకునే టైమూ దరిదాపు అంత ఉండాలని నా అభిప్రాయం. టైంటేబుల్లో మాత్రం ఎప్పుడూ ముందు కోత పడేది ఆ మాట్లాడుకునే భాగానికే.

ఇంకో ఊరి కథ చిన్నగా చెబుతాను. 1999లో మొదలైన 'వైవిల్' అనే పిల్లల ఆన్‌లైన్ లోకంలో ఉన్నట్టుండి 'వైపాక్స్' అనే జబ్బు వ్యాపించింది. ముద్దుగా అలంకరించుకున్న అవతార్ల మొహాల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చాట్ చేస్తుంటే మాట మధ్యలో తుమ్ము వచ్చిపడేది. అంటువ్యాధి పాఠం చెప్పడానికి నిర్వాహకులే వదిలిన జబ్బు అది. ఎవరి వల్ల ఎవరికి అంటుకుంది, ఎవరికి దూరంగా ఉండాలి అని పిల్లలు తమ గొడవగానే చర్చించుకున్నారు. మొహం తమదైనప్పుడు పాఠమూ తమదైంది.

దిమ్మెలు పేర్చి లోకం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటకు విడిగా ఎడ్యుకేషన్ ఎడిషన్ రావడం 2016లో జరిగింది. దాన్ని బాగా వాడేవాళ్లూ ఉన్నారు, గంటసేపు పిల్లల్ని కూర్చోబెట్టడానికి వాడేవాళ్లూ ఉన్నారు. తేడా ఎప్పటిలాగే ముందు అడిగిన ప్రశ్నలో ఉంటుంది. 'ఏదైనా కట్టండి' అంటే కోట కడతారు. 'ఇన్నే దిమ్మెలతో ఎక్కువ చోటు వచ్చేలా కట్టండి' అంటే వైశాల్యం, ఘనపరిమాణం దానంతటదే లోపలికొస్తుంది.

మెరుపుల్లేని టూల్స్

రోజువారీగా ఎక్కువమంది చేతిలో ఉండేవి ఇవి కాదు. వీడియో, క్విజ్, లైవ్ క్లాసు, ఇప్పుడు చాట్‌బాట్. మెరుపుల్లేకపోయినా వీటి గురించి మనకు తెలిసింది ఎక్కువ.

ఆన్‌లైన్‌లో చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో నేను యాభై నిమిషాల పాఠాన్ని యాభై నిమిషాలుగానే రికార్డు చేసి పెట్టాను. రెండు రోజుల తర్వాత ఎవరు ఎంతవరకు చూశారో గ్రాఫ్ తీస్తే, కొండ మీంచి రాయి దొర్లినట్టుంది. మొదటి ఐదారు నిమిషాలయ్యాక జారుడే జారుడు. పిల్లల మీద కోపమొచ్చింది. తర్వాత తెలిసింది, ఇది అందరి గ్రాఫే. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగటు ప్రేక్షకుడు అందులో నిలబడింది ఆరు నిమిషాలకు మించలేదు.

ఆ రాయి ఇంకా పెద్ద కొండ మీంచి కూడా దొర్లింది. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే 1,60,000 మంది చేరారు. దాంతో విశ్వవిద్యాలయాల పని అయిపోయిందన్నంత గోల జరిగింది. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు వచ్చాయి. ఎడ్‌ఎక్స్‌లో హార్వర్డ్, ఎంఐటీ పెట్టిన కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది కోర్సు తలుపు కూడా తట్టలేదు. 2017-18లో పూర్తి చేసినవాళ్లు 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం దాదాపు సగం మంది పూర్తి చేశారు. అంటే పాఠం అందుబాటులో ఉండటం ఒక ఎత్తు, చివరిదాకా కూర్చోబెట్టే ఏదో ఒక కట్టుబాటు ఉండటం ఇంకో ఎత్తు.

క్విజ్ సంగతి చూద్దాం. మనం దాన్ని మార్కులు వేసే త్రాసుగా చూస్తాం, కానీ అదే ఒక బోధన. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే తారుమారైంది. చదివినవాళ్లకు 42, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు 56. ఏ ఉచిత టూల్‌తోనైనా వారానికో చిన్న, మార్కులు లెక్కపెట్టని క్విజ్ పెట్టొచ్చు. ఖరీదైన హెడ్‌సెట్ కంటే నేను ముందు దీనికే ఓటేస్తాను.

లైవ్ క్లాసు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరం పడ్డవాళ్లమే. 'వినిపిస్తోందా?' 'సార్, మ్యూట్‌లో ఉన్నారు.' నల్లటి డబ్బాలు, డబ్బాల్లో పేర్లు. ఆ అలసటకు బెయిలెన్సన్ 2021లో నాలుగు కారణాలు చెప్పారు. అన్ని మొహాలు దగ్గరగా మనల్నే చూస్తున్నట్టుండటం, మన మొహం మనకే రోజంతా కనబడటం, కదలకుండా కూర్చోవడం, సైగలు అందక మెదడు ఎక్కువ కష్టపడటం. మన మొహం మనకు కనబడకుండా చేసుకునే బటన్ ఉంటుంది, అది నొక్కుకున్నా సగం ప్రాణం లేచొస్తుంది. లైవ్‌ను ప్రశ్నలకూ, వాదులాటకూ ఉంచుకుని, చెప్పేదంతా రికార్డులో పెట్టడం మేలు. చెప్పింది మళ్లీ వినొచ్చు. వాదులాట మళ్లీ దొరకదు.

చాట్‌బాట్ విషయంలో ఒక ప్రయోగం దగ్గర ఆగాలి. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులకు లెక్కలు ప్రాక్టీస్ చేసేటప్పుడు జీపీటీ-4 ఇచ్చారు. అడిగింది చెప్పేసే మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు ప్రాక్టీసులో 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు దాన్ని వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చేలా మలిచిన చాట్‌బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు జరగలేదు. ఒకే లారీ, ఒకే ఇంజిన్. ఒకటి పిల్లల బదులు తానే లెక్కలు చేసింది, రెండోది పిల్లల చేతే చేయించింది.

అద్దె ఇల్లు

ఇంతవరకు చెప్పిందంతా టూల్ చేతిలో ఉన్నవాళ్ల గొడవ. 2020 చివర్లో యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ కలిసి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదు. బడులన్నీ మూతపడి చదువంతా ఆన్‌లైన్‌కు మారిన ఏడాది అది. అందుకే పాఠం తయారుచేసేటప్పుడు అడుగునుంచి మొదలుపెట్టడం నయం. ముందు అక్షరం, తర్వాత ఆడియో, తర్వాత వీడియో, అన్నిటికంటే పైన త్రీడీ. పై మెట్టు ఊడిపోయినా కింది మెట్టు మీద పాఠం నిలబడాలి. కంటిచూపు లేనివాళ్లకు, చెవులు వినిపించనివాళ్లకు కూడా ఈ కింది మెట్లే దారి.

ఉన్నవాళ్లకూ టూల్ శాశ్వతం కాదు. సెకండ్ లైఫ్ విద్యాసంస్థలకు సగం ధరకు స్థలాలిచ్చేది. ఆ తగ్గింపు తీసేస్తున్నామని 2010లో ప్రకటించింది. బడ్జెట్ రాసేసుకున్న కాలేజీలకు ఒక్కసారిగా ఖర్చు రెట్టింపు. చాలామంది మూట సర్దుకున్నారు, కొందరు 2007లో మొదలైన ఓపెన్‌సిమ్యులేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సొంత సర్వర్ల మీద మళ్లీ కట్టుకున్నారు. 2013లో తగ్గింపు తిరిగొచ్చింది కానీ పోయినవాళ్లు పోయారు. క్లాసులో కూర్చునే ఊళ్లు చూపించే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో ఆగిపోయింది. అవతార్లతో కలుసుకునే లోకాల్లో మైక్రోసాఫ్ట్ చేతిలోని ఆల్ట్‌స్పేస్ 2023లో, మొజిల్లా వాళ్ల హబ్స్ 2024లో మూతపడ్డాయి. హబ్స్ కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి దాన్ని తీసుకుని నడిపేవాళ్లు మిగిలారు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఇప్పటిదాకా నిలిచిందంటే కారణం కూడా అదే, ఒక కంపెనీ మనసు మారినా మన కాపీ మన దగ్గర ఉంటుంది. కొత్త టూల్‌లో అడుగుపెట్టేముందు నేను చూసేది ఫీచర్ల జాబితా కాదు, 'ఎక్స్‌పోర్ట్' అనే బటన్ ఉందా లేదా అని.

అన్నిటికంటే నిశ్శబ్దంగా కూలిన ఇల్లు ఫ్లాష్, బ్రౌజర్లో యానిమేషన్లూ ఆటలూ నడిపించిన సాఫ్ట్‌వేర్. 2020 డిసెంబర్ 31తో దానికి ఊపిరి ఆగింది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో టీచర్లు, విద్యార్థులు, సైన్స్ ప్రియులు చేసిపెట్టిన వేల యానిమేషన్లు, ఆటలు, సిమ్యులేషన్లు ఒక్క రాత్రిలో తెరుచుకోవడం మానేశాయి. ఫెట్ వాళ్లు అప్పటికే మేలుకుని ఫ్లాష్‌లో, జావాలో ఉన్న తమ సిమ్యులేషన్లను ఒక్కొక్కటిగా ఇప్పటి బ్రౌజర్లలో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5లో తిరిగి రాస్తూ వచ్చారు. సర్క్యూట్ కూడా అలాగే కొత్త రూపంలో వచ్చింది. బొమ్మలు మారాయి, రంగులు మారాయి, బటన్లు చోటు మారాయి.

సర్క్యూట్ పాఠం కోసం నేను పాత సిమ్యులేషన్ రోజుల్లో తయారుచేసుకున్న ప్రశ్నల కాగితం ఒకటుంది. మొదటి ప్రశ్న ఇది: 'స్విచ్ ముట్టుకోకముందే చెప్పు, ఏ బల్బు ఆరిపోతుంది? ఎందుకనుకుంటున్నావో రెండు వాక్యాల్లో రాయి. రాశాకే నొక్కు.' కొత్తది వచ్చాక ఆ కాగితంలో నేను మార్చింది పైన ఉన్న లింకు ఒక్కటే.